813 జత తీసి 3-500జెడ్ పెట్టాం: ఒక లీనియర్ యాంప్లిఫయర్ కేస్ స్టడీ

రెండు 813 వాక్యూమ్ ట్యూబులతో కట్టిన లీనియర్ (హామ్ రేడియో సిగ్నల్‌ పవర్‌ను పెంచే యాంప్లిఫయర్) ఒకటి రిపేరుకు నా దగ్గరికి వచ్చింది. దాన్ని తెచ్చే ముందే మిత్రుడు ఫోన్‌లో రోగం, మందు రెండూ చెప్పేశాడు (ఓఎమ్ అంటే హామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే పిలుపు; మీటర్లంటే రేడియో బ్యాండ్లు, 80 తక్కువ ఫ్రీక్వెన్సీది, 10 ఎక్కువ ఫ్రీక్వెన్సీది). “ఓఎమ్ గారూ, 80 మీటర్లలో 570 వాట్లు హాయిగా వస్తోంది. 10 మీటర్లకు వెళ్తే 290 దాటట్లేదు. ట్యూబులు ముసలివైపోయాయండీ. వీటి బదులు ఏ ట్యూబు కొనమంటారో చెప్పండి, ఆర్డర్ పెట్టేస్తాను.”

“ట్యూబులు ముసలివైతే 80 మీటర్లలోనూ పవర్ పడిపోవాలి కదండీ. డబ్బు ఖర్చు పెట్టకండి, ముందు బాక్సు పట్టుకురండి” అన్నాను.

పై మూత తీయగానే 10 మీటర్ల కాయిల్ కనిపించింది. రాగి గొట్టంతో చుట్టిన నాలుగు చుట్లు. బ్యాండ్ స్విచ్ నుంచి వచ్చిన పట్టీని అతికించిన చోట టంకం కరిగి, కిందికి జారి, బొట్టులా గడ్డకట్టింది. చుట్టూ రాగి నల్లబడింది. పక్కనే ఉన్న 15 మీటర్ల ట్యాప్ (కాయిల్ నుంచి తీగ తీసిన చోటు) రంగు కాస్త మారింది. 40, 80 ట్యాపులు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ట్యూబు ముసలిదైతే కాయిల్ మీద టంకం కరగదు. పవర్ ఎక్కడికి పోతోందో ఆ బొట్టే చెబుతోంది.

డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) మీద పెట్టి చూస్తే ప్లేట్ (ట్యూబు పాజిటివ్ ఎలక్ట్రోడ్) వోల్టేజి ఖాళీగా 2950, లోడ్‌లో 2650. కరెంటు 360 మిల్లీయాంపులు. అంటే ఇన్‌పుట్ 954 వాట్లు. 80 మీటర్లలో అందులో 60 శాతం బయటికి వస్తోంది, గ్రిడ్‌ను (ట్యూబులో కరెంటును అదుపుచేసే జాలిని) ఛాసిస్‌కు కలిపి నడిపే ఏబీ2 గ్రౌండెడ్ గ్రిడ్ సర్క్యూట్‌కు అది మంచి లెక్కే. 10 మీటర్లలో అదే ఇన్‌పుట్‌కు 30 శాతమే వస్తోంది. రెండు ప్లేట్లూ ఎర్రగా కాలుతున్నాయి. పది సెకన్లకే కీ వదిలేశాను.

ఇలాంటి కేసుల్లో చాలామంది డేటా షీట్ తెరిచి ప్లేట్ డిసిపేషన్ దగ్గరే ఆగిపోతారు. 813కు 125 వాట్లు, 572బికి 160, 3-500జెడ్‌కు 500, 8877కు 1500. ఆ వరస చూసి జేబును బట్టి ఒకటి ఎంచుకుంటారు. ట్యూబు ఎంత వేడి భరిస్తుందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. మన ట్యాంకు సర్క్యూట్‌తో (అవుట్‌పుట్ కాయిల్, కెపాసిటర్లతో) ఆ ట్యూబు కాపురం చేస్తుందా లేదా అన్నది కెపాసిటెన్స్ వరుసలో ఉంటుంది. ఈ కేసు మొత్తం ఆ వరుస చుట్టూనే తిరిగింది.

లెక్క ఇది. ప్లేట్ చూడాల్సిన లోడ్ రెసిస్టెన్స్ రావాలంటే ప్లేట్ వోల్టేజిని, ప్లేట్ కరెంటును 1.6తో హెచ్చించి వచ్చినదానితో భాగించాలి. 2650ని 0.36 × 1.6తో భాగిస్తే 4600 ఓమ్‌లు. ఆ ట్యాంకు సర్క్యూటే పై (π) నెట్‌వర్క్. దానికి క్యూ (ఎక్కువైతే అందులో తిరిగే కరెంటూ ఎక్కువవుతుంది) 12 పెట్టుకోవడం మామూలు. అప్పుడు ప్లేట్ వైపు కెపాసిటర్ రియాక్టెన్స్ 4600లో 12వ వంతు, 383 ఓమ్‌లు. 28.5 మెగాహెర్ట్జ్‌లో అది 14.6 పికోఫారడ్లు. ఇందులో ట్యూన్ కెపాసిటర్ ఒక్కటే కాదు, ప్లేట్ నుంచి ఛాసిస్‌కు ఉన్న ప్రతి పికో ఇమిడిపోవాలి.

ఉన్నదెంతో కొలిచాను. మెయిన్స్ ప్లగ్ పీకి, బ్లీడర్ (కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టర్) పని చేసేదాకా ఆగి, షార్టింగ్ కర్రతో బీ ప్లస్‌ను (ప్లేట్ హై వోల్టేజి లైనును) ఛాసిస్‌కు తాకించి, కర్రను అక్కడే వదిలేశాను. ఫిల్టర్ బ్యాంకులో 270 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఎనిమిది సిరీస్‌లో ఉన్నాయి, మొత్తం సుమారు 34 మైక్రో. 2950 వోల్టుల దగ్గర అందులో దాచుకున్న శక్తి 147 జౌల్స్. మనిషి ప్రాణం తీయడానికి అందులో కొంత చాలు. ఈ కర్ర సంగతి నేను ప్రతి కేసులోనూ రాస్తాను, ఎప్పటికీ రాస్తూనే ఉంటాను.

ట్యాంకు కాయిల్, ప్లేట్ చోక్ (రేడియో సిగ్నల్‌ను ఆపి సప్లయ్ కరెంటును మాత్రం వదిలే కాయిల్) రెండూ విడదీసి మీటరు పెట్టాను. చోక్ విడదీయడం మరిచిపోతే మీటరు బైపాస్ కెపాసిటర్‌ను చూసి తప్పుడు అంకె చూపిస్తుంది. ట్యూన్ కెపాసిటర్ పూర్తిగా తెరిచి, ట్యూబులు సాకెట్‌లో ఉండగా 60 పికో. ట్యూబులు తీస్తే 32. ట్యూన్ కెపాసిటర్ కూడా విడదీస్తే 10. అంటే ట్యూబులు 28, కెపాసిటర్ కనిష్ఠం 22, వైరింగ్, ఛాసిస్ కలిపి 10. ఒక్కో 813కు అవుట్‌పుట్ కెపాసిటెన్స్ సుమారు 14 అని డేటా షీట్ చెబుతుంది. అంటే ట్యూబులు ఆరోగ్యంగానే ఉన్నాయి.

కావలసింది 14.6, ఉన్నది 60. 28.5 మెగాహెర్ట్జ్‌లో 60 పికో రియాక్టెన్స్ 93 ఓమ్‌లు. లోడెడ్ క్యూ 12 కాదు, 49. ఆ 93 ఓమ్‌ల గుండా తిరిగే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు దాదాపు 17 యాంపులు. క్యూ 12 దగ్గర ఉండాల్సింది 4 యాంపుల పైచిలుకు. కరెంటు నాలుగు రెట్లు పెరిగితే అదే తీగలో వేడి పదహారు రెట్లు. కాయిల్ అన్‌లోడెడ్ క్యూ (లోడ్ లేకుండా దాని సొంత క్యూ) 200 అనుకున్నా, వచ్చిన ఆర్‌ఎఫ్‌లో నాలుగో వంతు కాయిల్‌లోనే కాలిపోతుంది, అంటే సుమారు 140 వాట్లు. టంకం కరగకేం చేస్తుంది? దానికి తోడు అంత ఎక్కువ క్యూలో లోడ్ కెపాసిటర్ (అవుట్‌పుట్ వైపుది) తన పరిధిలో సరైన మ్యాచ్ చేరుకోలేక మిగతా నష్టం ప్లేట్ల మీద పడింది.

ఇంకో తప్పు కూడా బయటపడింది. 813కు అమెచ్యూర్ వాడకంలో గరిష్ఠ ప్లేట్ వోల్టేజి నడిపే తీరును బట్టి 2250 నుంచి 2500 దాకానే. ఇక్కడ ఖాళీగా 2950 ఇస్తున్నారు. ట్యూబు గట్టిది కాబట్టి ఓర్చుకుంది. చాలామంది అలాగే నడుపుతారు కూడా. కానీ ఎవరికో ఇచ్చే పెట్టెలో నేను అలా వదలను.

ట్యూబు మార్చాలన్న మిత్రుడి నిర్ణయం సరైనదే, చూపిన కారణం మాత్రం వేరు. ఇక ఏ ట్యూబు? నేను ట్యూబుతో మొదలుపెట్టను, మారనివి ఏవో ముందు రాసుకుంటాను. ఈ కేసులో హెచ్‌వీ (హై వోల్టేజి) ట్రాన్స్‌ఫార్మర్ మారదు. పెట్టె బరువులో సగం అదే, ఖర్చులోనూ పెద్ద వాటా అదే. దాని సెకండరీ 2100 వోల్టులు, బ్రిడ్జి రెక్టిఫయర్ తరువాత 2950. దీన్ని నడిపే ట్రాన్స్‌సీవర్ (పంపే, వినే రేడియో) 100 వాట్లది, అదీ మారదు. కావలసింది 80 నుంచి 10 మీటర్ల వరకు 600 వాట్లు. ఎక్కువగా ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే మోడ్), సాయంత్రాలు ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్). చిన్న గదిలో పక్కనే పెట్టుకుని నడుపుతారు కాబట్టి బ్లోయర్ హోరు ఉండకూడదు. ఇవన్నీ కాగితం మీద పెట్టాక చాలా ట్యూబులు వాటంతట అవే తప్పుకున్నాయి.

811ఏ నాలుగు పెడితే? కాలిన్స్ 30ఎల్-1లో నాలుగు 811ఏలే ఉన్నాయి, చక్కటి యాంప్లిఫయర్. కానీ దాని గరిష్ఠ వోల్టేజి 1500, మన సప్లయ్‌లో సగం. నాలుగింటి డిసిపేషన్ కలిపినా 260 వాట్లే. 600 వాట్లు తీస్తే 400 వాట్ల వేడి పుడుతుంది. మాటకు, మాటకు మధ్య ఖాళీ ఉండే ఎస్‌ఎస్‌బీలో నడిచిపోవచ్చు, ఎఫ్‌టీ8లో కుదరదు. 572బి అదే సాకెట్‌లో కూర్చునే పెద్దన్న. దాని గరిష్ఠం 2750. లోడ్‌లో సరిపోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు దాటిపోతుంది. దీని దగ్గర చాలాసేపు ఆగి ఆలోచించాను. చివరికి మూడు నాలుగు ట్యూబులను పారలల్‌గా కట్టి వాటి పారాసిటిక్స్‌తో (అక్కర్లేని డోలనాలతో) కుస్తీ పట్టడం ఎందుకని పక్కన పెట్టాను.

జీయూ-74బి మీద మిత్రుడికి మోజు. సిరామిక్ ట్యూబు, చేతిలో ఇమిడిపోతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆ మోజు నాకూ ఉంది. గ్రిడ్ దగ్గర 50 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, గ్రిడ్ మీద 50 వోల్టుల పీక్ కావాలంటే ట్రాన్స్‌సీవర్ నుంచి 25 వాట్ల డ్రైవ్ చాలు. ప్రతి బ్యాండుకూ ఇన్‌పుట్ కాయిల్స్ చుట్టే పని లేదు. కానీ దానికి ప్లేట్ వోల్టేజి గరిష్ఠం 2000. అంటే ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. స్క్రీన్‌కు (రెండో గ్రిడ్‌కు) రెగ్యులేటెడ్ సప్లయ్ కట్టాలి, అది స్క్రీన్ కరెంటు వెనక్కి తిరిగినా వోల్టేజి కదలనివ్వకూడదు. రెండున్నర నిమిషాల వార్మప్ టైమర్ కావాలి. రెక్కల మధ్య నుంచి గాలిని ఒత్తిడితో తోయాలి, అక్కడే హోరు మొదలవుతుంది. కొత్తగా మొదటి నుంచి కట్టేవారికి నేను దాన్నే మొదట చెబుతాను. ఉన్న పెట్టెను బాగుచేసేటప్పుడు కాదు. 8877 గురించి ఒక్క మాట: 600 వాట్లకు అది అనవసరం, పైగా దాని గ్రిడ్ చాలా సున్నితం, ట్యూనింగ్‌లో ఒక్క పొరపాటు చాలు.

మిగిలింది 3-500జెడ్. గరిష్ఠం 4000 వోల్టులు కాబట్టి 2950 దానికి సుఖం. ఫిలమెంట్ (వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే తీగ) వెలగగానే సిద్ధం, వార్మప్ నిమిషాలు లెక్కపెట్టక్కర్లేదు. డ్రైవ్ 60 వాట్ల లోపే. హీత్‌కిట్ ఎస్‌బీ-220లో ఇవే రెండు ఉంటాయి. అలాంటి యాంప్లిఫయర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి గనుక రేపు ఇంకో ట్యూబు కావాలన్నా వెతుక్కోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, గ్రౌండెడ్ గ్రిడ్‌లో అవుట్‌పుట్ కెపాసిటెన్స్ నాలుగున్నర పికో లోపే. 28 పోయి 4.5 వస్తోంది.

“అయితే ట్యూబు మారిస్తే సరిపోతుందన్నమాట” అన్నాడు మిత్రుడు. సరిపోదు, అది కూడా లెక్క వేసి చూపించాను. 2700 వోల్టులు, 370 మిల్లీయాంపుల దగ్గర ఈ ట్యూబు చూడాల్సిన లోడ్ 4560 ఓమ్‌లు, ఇంచుమించు పాతదే. పాత ట్యూన్ కెపాసిటర్‌నే ఉంచితే 4.5కు 22, ఒకే ట్యూబు కాబట్టి తగ్గిన వైరింగ్ 8 కలిపి 34.5 పికో. క్యూ 28. ట్యూబులు మార్చకుండా కనిష్ఠం 7 పికో ఉన్న వాక్యూమ్ వేరియబుల్ కెపాసిటర్ ఒక్కటే పెడితే 28, 7, 10 కలిపి 45. క్యూ 37. రెండూ మారిస్తే 20 పికో లోపు, క్యూ 16. ఇదే మా నిర్ణయం. 12 కాకపోయినా 16 దగ్గర కాయిల్ నష్టం 8 శాతమే. వాక్యూమ్ వేరియబుల్ పరిధి 7 నుంచి 150 పికో. 80 మీటర్లలో 3.6 మెగాహెర్ట్జ్‌కు కావలసిన 116 పికో కూడా అందులోనే వస్తుంది, బయట అదనపు కెపాసిటర్ స్విచ్ చేసే అవసరం తప్పింది.

ఇక బిగింపు. పాత ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మర్ 10 వోల్టులది, 813 జత కోసం. కొత్తగా 5 వోల్టుల 15 యాంపులది పెట్టాం. ట్యూబు ఇంకో ఆపరేటర్ దగ్గర వాడి పక్కన పెట్టిన మెటల్ ప్లేట్ రకం. కొనే ముందు చూసినవి కొన్నే: ఫిలమెంట్ తెగలేదు, ట్యూబును అటూ ఇటూ తిప్పి మీటరు పెట్టినా గ్రిడ్‌కు ఫిలమెంట్‌కు షార్ట్ లేదు, బేస్ పిన్నుల్లో టంకం చెక్కుచెదరలేదు. ఈ ట్యూబుకు గాలి తక్కువైతే పిన్నుల టంకం కరుగుతుంది. కాబట్టి పిన్ను చివర చూస్తే పాత యజమాని దాన్ని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది.

మొదటిరోజు హెచ్‌వీ ఇవ్వకుండా ఫిలమెంట్ మాత్రం కొన్ని గంటలు వెలిగించి ఉంచాం. మరుసటిరోజు తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. ఈ రకం ట్యూబులో ప్లేట్ ఎర్రబడ్డప్పుడే లోపల మిగిలిన గ్యాస్‌ను పీల్చుకుంటుంది. అందుకే 3-500జెడ్ ప్లేట్ మసక ఎరుపులో కనిపిస్తే భయపడక్కర్లేదు, అప్పుడప్పుడూ కనిపించాలి కూడా.

అన్నీ అయ్యాక 20 మీటర్లలో డ్రైవ్ ఇస్తే అవుట్‌పుట్ 430 దగ్గర ఆగిపోయింది. ఎంత డ్రైవ్ పెంచినా ప్లేట్ కరెంటు 270 మిల్లీయాంపులు దాటదు, గ్రిడ్ కరెంటు మాత్రం ఎగబాకుతోంది. ఎమిషన్ (ఎలక్ట్రాన్లు వదిలే శక్తి) చచ్చిన ట్యూబు లక్షణాలు అచ్చంగా ఇవే. మిత్రుడి ముఖం వాడిపోయింది. నేనూ ఒక నిమిషం ట్యూబునే అనుమానించాను.

ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్స్ దగ్గర 5.1 వోల్టులు ఉన్నాయి. హెచ్‌వీ పూర్తిగా తీసేసి, మీటరు ముళ్లను నేరుగా సాకెట్ పిన్నుల మీద పెట్టాను. 4.55. దారిలో 0.55 వోల్టు మాయం. 14.6 యాంపుల దగ్గర అంటే 38 మిల్లీఓమ్‌లు. పాత ఫిలమెంట్ చోక్‌నే వాడాను. అది 10 యాంపుల కోసం చుట్టినది, తీగ సన్నం. ఒక చివర లగ్‌లో టంకం పైకి మెరుస్తోంది కానీ లోపల పట్టలేదు, వేలితో లాగితే తీగ కదిలింది. తప్పు పూర్తిగా నాదే. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడే చోక్‌నూ మార్చాల్సింది.

థోరియేటెడ్ టంగ్‌స్టన్ ఫిలమెంట్ 5 శాతం అటూ ఇటూ ఓర్చుకుంటుంది. ఇక్కడ 9 శాతం తక్కువ. లావు తీగతో, ఫెర్రైట్ కడ్డీ మీద రెండు తీగలూ కలిపి కొత్త చోక్ చుట్టి, లగ్గులు నొక్కి టంకం పోస్తే పిన్నుల దగ్గర 4.95 వచ్చింది. అదే ట్యూబు, అదే డ్రైవ్, 600 వాట్లు. ఎన్ని మంచి ట్యూబులు ఇలా పిన్నుల దగ్గర కొలవకపోవడం వల్ల చెత్తబుట్టలో పడ్డాయో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

జెడ్ అంటే జీరో బయాస్ (గ్రిడ్‌కు విడిగా వోల్టేజి ఇవ్వక్కర్లేదని) అన్నమాట నిజమే గానీ, 2950 వోల్టుల దగ్గర బయాస్ లేకుండా కీ నొక్కితే డ్రైవ్ లేకుండానే 155 మిల్లీయాంపులు లాగింది. ఒక్క మాటా మాట్లాడకుండానే 457 వాట్ల వేడి, ట్యూబు శక్తికి దాదాపు అంచు. క్యాథోడ్ (ఈ ట్యూబులో ఫిలమెంటే) రిటర్న్‌లో 8.2 వోల్టుల జీనర్ డయోడ్ పెడితే అది 85కు దిగింది, వేడి 250 వాట్లు. ఫుల్ డ్రైవ్‌లో ఆ జీనర్ గుండా అర యాంపు దాకా పోతుంది, అంటే 4 వాట్లు. హీట్ సింక్ మీద బిగించే పెద్ద రకమే పెట్టాలి. రిసీవ్‌లో రిలే ద్వారా ట్యూబు పూర్తిగా కట్ ఆఫ్.

ఇన్‌పుట్ వైపు బ్యాండుకో చిన్న పై నెట్‌వర్క్ పెట్టాం. ట్యూబు క్యాథోడ్ 50 ఓమ్‌లలా కనిపించదు, 110 ప్రాంతంలో ఉంటుంది. పైగా ప్రతి సైకిల్‌లో కొంతసేపే కరెంటు లాగుతుంది. ఆ నెట్‌వర్క్ లేకపోతే ట్రాన్స్‌సీవర్ ఎస్‌డబ్ల్యూఆర్ (మ్యాచ్ ఎంత చెడిందో చెప్పే అంకె) చూసి పవర్ తగ్గించేసుకుంటుంది. బీ ప్లస్ దారిలో వైర్ వౌండ్ రెసిస్టర్ ఒకటి, గ్రిడ్ కరెంటు హద్దు దాటితే రిలే పడేసే ట్రిప్ ఒకటి. ఇవి లేకుండా నేను ఏ యాంప్లిఫయరూ మూత వేయను.

గాలి సంగతి. ట్యూబును నిటారుగా నిలబెట్టాం. కింది ఛాసిస్ పెట్టెలోకి బ్లోయర్ తోసిన గాలి సాకెట్ చుట్టూ పైకి లేచి, గాజు చిమ్నీ గుండా ప్లేట్ క్యాప్ మీదుగా పోతుంది. బేస్ సీల్స్‌కు హద్దు 200 డిగ్రీలు, ప్లేట్ సీల్‌కు 225. నడుస్తున్నప్పుడు అక్కడికి ఏ ప్రోబూ తీసుకెళ్లలేం, ప్రాణం పోతుంది. అందుకే వేడికి కరిగే టెంపరేచర్ పెయింట్ చుక్కలు ముందే పెట్టి, పది నిమిషాలు ఎఫ్‌టీ8 నడిపి, ఆపి, డిశ్చార్జ్ చేశాక చూశాం. 200 డిగ్రీల చుక్క రెండుచోట్లా కరగలేదు. ఎఫ్‌టీ8లో మనం పంపే ప్రతి 15 సెకన్ల స్లాటులో 12.64 సెకన్లు పూర్తి క్యారియర్ పోతుంది, మాటల్లో ఉండే విరామం ఉండదు. అందుకే ఆ మోడ్‌లో 400 వాట్లు దాటవద్దని ముందు ప్యానెల్ మీదే చీటీ అంటించాను. స్విచ్ ఆపాక కూడా బ్లోయర్ కొన్ని నిమిషాలు తిరిగేలా టైమర్ ఉంది.

చివరి కొలతలు, 60 వాట్ల డ్రైవ్‌తో, డమ్మీ లోడ్ మీద: 80 మీటర్లలో 610, 40లో 620, 20లో 600, 15లో 575, 10లో 545. అప్పుడు 290 ఉన్నచోట ఇప్పుడు 545. 10 మీటర్ల కాయిల్ మళ్లీ చుట్టాం, చుట్లు కాస్త పెరిగాయి. అరగంట నడిపి, పవర్ తీసి, డిశ్చార్జ్ చేసి వేలు పెడితే గోరువెచ్చగా ఉంది.

తీసేసిన 813 జతను మిత్రుడు అమ్మేద్దామన్నాడు. వద్దన్నాను. 2100 వోల్టుల సప్లయ్ మీద, అదే 360 మిల్లీయాంపులతో ఆ జత చూడాల్సిన లోడ్ 3650 ఓమ్‌లు. 7.1 మెగాహెర్ట్జ్‌లో క్యూ 12కు కావలసింది 74 పికో. ఆ పాత ఏర్పాటులో ట్యూబులు, పాత ట్యూన్ కెపాసిటర్, వైరింగ్ కలిపి కనిష్ఠం 60. అంటే 40, 80 మీటర్లకు మాత్రమే పెట్టే చిన్న లీనియర్‌కు ఆ సామాను అతికినట్టు సరిపోతుంది. ట్యూబులు, సాకెట్లు, పాత కెపాసిటర్, 10 వోల్టుల ఫిలమెంట్ ట్రాన్స్‌ఫార్మర్, ఆ పాత చోక్, అన్నీ ఒకే అట్టపెట్టెలో సర్ది, మీద ఈ లెక్క రాసి పెట్టాం. చోక్ లగ్గుకు మాత్రం ముందే టంకం మళ్లీ పోశాను.